క్రమబద్ధీకరణ అంటే ఏంటక్కా?

బస్సుల సంస్థ పెద్దాఫీసులో అన్నిటికంటే చిన్న గది ఆమెది. ఒక పక్క విడిభాగాల స్టోరు, ఇంకో పక్క క్యాంటీను. ఇటు గోడ వెనక ఇనుప సామాన్ల చప్పుడు, అటు గోడ వెనక గ్లాసుల చప్పుడు. మధ్యలో ఒక బల్ల, ఒక ముసలి కంప్యూటరు, అట్టలూడిన రెండు నిఘంటువులు, ఆమె. పైనుంచి ఇంగ్లీషులో దిగే ప్రతి ఉత్తర్వునీ తెలుగు చేసి, డిపోల్లో, వర్క్‌షాపులో నోటీసు బోర్డులకి పంపడం ఆమె ఉద్యోగం. కాగితాల మీద ఆమె హోదా అనువాదకురాలు. అంత మాట పలకడం ఎందుకని డ్రైవర్లూ కండక్టర్లూ ‘మాటలక్కయ్య’ అని పిలుచుకునేవారు. ఆ పిలుపంటే ఆమెకీ ఇష్టమే.

పని మీద ఆమెకి కొంచెం పిచ్చి ఉండేది. బస్సులు కడిగేవాడు నోటీసు ముందు నిలబడి ఒకే వాక్యాన్ని రెండుసార్లు చదివాడంటే తను ఓడిపోయినట్టే లెక్క. ‘చలనమందున్న వాహనము నుండి అవరోహణ నిషిద్ధము’ అని అంతకుముందెవరో రాయించిన బోర్డులన్నీ తీయించి ‘కదిలే బస్సులోంచి దిగకండి’ అని పెట్టించింది. దానికి ఆమె పై అధికారి, సూపరింటెండెంటుగారు, వారం రోజులు ముఖం ముడుచుకున్నాడు. ఆఫీసు భాషన్నాక కాస్త బరువుండాలని ఆయన పట్టు. మంచివాడే. కాకపోతే ఏ కాగితం ఎప్పుడు తిరిగొచ్చి తన మెడకి చుట్టుకుంటుందోనని పగలూ రాత్రీ భయపడే రకం.

ఇంట్లో ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే కుట్టుమిషను. పిల్లలు లేరు. ఆ లోటు తెలియకుండా తమ్ముడుండేవాడు. తల్లి పోయేనాటికి వాడింకా బడికి వెళ్తున్నాడు. అన్నం పెట్టి, చదివించి, చదువు అబ్బకపోతే పని నేర్పించి, పెళ్లి చేసింది ఆమే. వాడూ మరదలూ చంటిపిల్లా మేడమీది వాటాలో ఉండేవారు. వాడు సంస్థ వర్క్‌షాపులోనే టైర్ల విభాగంలో పనిచేసేవాడు. టైరు మీద చెయ్యి వేసి నిమిరితే చాలు, లోపల ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడని పేరు. ఎంత పేరున్నా తాత్కాలికమే. ఏడాదికోసారి పొడిగింపు. వాడి తరవాత చేరినవాళ్ళకి కూడా ‘రేపోమాపో పర్మనెంట్’ అనే మాట వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి.

అలాంటి రోజుల్లో సంస్థకి కొత్త మేనేజరు వచ్చాడు.

ఆయన ఎవరినీ కసరడు. గొంతు పెంచడు. నవ్వుతూ మాట్లాడతాడు. ఆయన రాసే ఉత్తర్వుల్లో మాత్రం ప్రతి వాక్యానికీ ఒక ‘ఐజు’ తగిలించి ఉండేది. ఒకరోజు స్టాండర్డైజ్, మర్నాడు సిస్టమటైజ్, ఆ పైవారం ఆర్గనైజ్. మధ్యమధ్య స్ట్రీమ్‌లైన్ చేస్తాం, రెగ్యులేట్ చేస్తాం. సంస్థలో ఉన్నదంతా చిందరవందర, దాన్నంతా వరసలో పెట్టడానికి తను అవతరించినట్టు ఉండేది ఆయన ధోరణి. ఆమె మొదట్లో సంబరపడింది. కొత్త మాటలొచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో తెలుగు మాట వెతకొచ్చు కదా అనుకుంది. స్టాండర్డైజ్‌కి ‘అంతటా ఒకేలా చేయడం’ అనీ, స్ట్రీమ్‌లైన్‌కి ‘పని సాఫీగా సాగేలా చేయడం’ అనీ రాసి పట్టుకెళ్ళింది.

సూపరింటెండెంటుగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు.

“ఇంత సాగదీస్తే ఎలాగమ్మా? అక్కడ ఒక మాటుంటే ఇక్కడా ఒక మాటే ఉండాలి. క్రమబద్ధీకరణ అని వేసెయ్.”

“ఏ దానికి సార్?”

“అన్నిటికీ.”

“అన్నీ ఒకటి కాదు సార్. వేటికవే.”

“అన్నీ చెప్పేదేంటి? సక్రమంగా ఉండాలనేగా? క్రమబద్ధీకరణ అంటే నిండుగా ఉంటుంది. ఎవడూ తప్పు పట్టలేడు.”

“అర్థం కాకపోతే తప్పెలా పడతారు సార్?”

“నేను చెప్పేదీ అదేనమ్మా,” అన్నాడాయన ఎంతో ఓపిగ్గా.

ఆ రోజునుంచి అదే మాట సర్వరోగ నివారిణి అయిపోయింది. డిపోలో మరుగుదొడ్ల వాడకం క్రమబద్ధీకరిస్తామని నోటీసు పడింది. మర్నాటికి రెండింటికి తాళాలు పడ్డాయి. తాళంచెవి గేటు దగ్గర కాపలావాడి నడుముకి వేలాడింది. లావుపాటి డ్రైవరొకాయన ఆమె గది గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకున్నాడు.

“మాటలక్కయ్యా, క్రమబద్ధీకరణ అంటే తాళం వెయ్యడమని ఒక్క ముక్క రాస్తే, ఇంటి దగ్గరే ఆ పని కానిచ్చి వచ్చేవాణ్ణి కదా! సగం రూటు ఎలా నడిపానో ఆ దేవుడికే తెలుసు.”

తరవాత క్యాంటీను క్రమబద్ధీకరణ జరిగింది. రాత్రి డ్యూటీవాళ్ళకి టీ పోయింది. యూనిఫారాల క్రమబద్ధీకరణలో అందరికీ ఒకే కొలత చొక్కాలొచ్చాయి. అదే డ్రైవరు తన చొక్కా తెచ్చి దర్జీ ముందు పడేశాడు. బొత్తాలు పెట్టుకుంటే ఊపిరాడదు, ఊపిరి పీలిస్తే బొత్తాలాగవు.

“ఒకే కొలతతో ఊరందరికీ కుట్టొచ్చని తెలిస్తే నేనీపాటికి మేడలు కట్టేవాణ్ణి,” అన్నాడు దర్జీ చొక్కా అటూ ఇటూ తిప్పి చూస్తూ.

“ఏం చెప్పమంటావు బావా! ఏ ఐజు వచ్చినా మన సైజుకే ఎసరు,” అన్నాడు డ్రైవరు.

ఇద్దరూ పగలబడి నవ్వారు. లోపల కూరలు తరుగుతున్న ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. కత్తిపీట పక్కకి నెట్టి బయటికొచ్చింది.

“నవ్వండి, నవ్వండి. ఆ ముక్క రాసింది నేను. ఎవరు తిట్టినా ఆ తిట్టు తగిలేది నాకే.”

“నీ తప్పేముందక్కయ్యా, పైవాళ్ళు చెప్పినట్టు రాశావు,” అన్నాడు డ్రైవరు.

ఆ ఓదార్పు ఆమెకి ఇంకా మంటెత్తించింది.

ఆ తరవాత బస్సు స్టాపుల్ని రేషనలైజ్ చేస్తామని ఉత్తర్వు వచ్చింది. నిఘంటువు తీస్తే ‘హేతుబద్ధం చేయు’ అని ఉంది. అదేదో మంచిదేలే అనుకుని, ఎటూ ఆజ్ఞ ఉంది కనక క్రమబద్ధీకరణే వేసింది. నెల తిరిగేసరికి సగం స్టాపులు మాయం. ఆసుపత్రి ముందు స్టాపు కూడా పోయింది. రోగులు చౌరస్తా నుంచి నడవాల్సి వచ్చింది. అప్పుడర్థమైందామెకి, నిఘంటువులో ఏమున్నా ఈ ఆఫీసులో రేషనలైజ్ అంటే కోత పెట్టడమని.

అందుకే మళ్ళీ ఆ మాట కనిపించిన రోజున ఆమె కాగితాన్ని మొదట్నుంచి ఇంకోసారి చదివింది. ఈసారి ఉత్తర్వు చిన్నది. వర్క్‌షాపులోని తాత్కాలిక సిబ్బందిని రేషనలైజ్ చేస్తారు. అంతే. ఎప్పుడో, ఎందరినో, ఎలాగో ఏమీ లేదు.

ఇందులో ఇంకో చిక్కుంది. కొన్నేళ్ళ కిందట పాత మేనేజరు హయాంలో ఒక బ్యాచిని పర్మనెంట్ చేశారు. అప్పటి ఉత్తర్వులో ఉన్న మాట రెగ్యులరైజ్. దానికి ‘సర్వీసు క్రమబద్ధీకరణ’ అని రాసింది ఆమే. అప్పుడది సరైన మాటే. ఆ నోటీసు చింపేదాకా జనం దాని ముందు ఫొటోలు దిగారు. వర్క్‌షాపులో ‘క్రమబద్ధీకరణ’ అంటే మరుగుదొడ్లూ టీలూ ఎలా ఉన్నా, మనుషుల విషయంలో మాత్రం పర్మనెంట్ కావడమే. దానికి ఇంకో అర్థం లేదు.

ఆమె తిన్నగా రాసింది: ‘వర్క్‌షాపులో తాత్కాలిక సిబ్బంది సంఖ్యను తగ్గిస్తారు.’ సూపరింటెండెంటుగారు అది చదివి కుర్చీలోంచి లేచేశాడు.

“తగ్గిస్తారా? ఈ మాట బోర్డు మీద పడితే మధ్యాహ్నానికి ధర్నా! క్రమబద్ధీకరణ అని మార్చు.”

“సార్, పర్మనెంట్ చేసినప్పుడు కూడా అదే మాట రాశాం. పాపం వాళ్ళు పర్మనెంట్ అవుతున్నామనుకుంటారు.”

“అనుకుంటే అనుకోనీ. మనం అనలేదుగా.”

ఆయనతో వాదించడం గోడకి చెప్పుకున్నట్టే. ఆమె కాగితం పట్టుకుని మేనేజరు గదికే వెళ్ళింది. ఆయన కూర్చోమని కుర్చీ చూపించాడు. కాగితం చదివాడు. నవ్వాడు.

“తగ్గించడం అని రాశారు. ఇంగ్లీషులో ఆ మాట ఎక్కడుంది?”

“మాట లేదు సార్. అర్థం అదేగా?”

“అర్థాల సంగతి మేం చూసుకుంటామండీ. మీరు మాటలు చూడండి.”

“పోనీ ఇంగ్లీషు మాటనే తెలుగక్షరాల్లో రాసేస్తాను సార్. అడిగినవాళ్ళకి మీరే చెబుదురుగాని.”

“ఇంగ్లీషు మాటే రాసేటట్టయితే అనువాదకురాలెందుకు చెప్పండి?” అన్నాడాయన. అదే నవ్వు. ‘తగ్గిస్తారు’ మీద ఒక గీత గీసి కాగితం వెనక్కిచ్చాడు.

గదికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రాయనని మొండికేస్తే ఇంకొకరి చేత రాయిస్తారు. అది తెలుసు. తెలిసి కూడా, తన చేత్తో టైపు కొట్టకుండా ఉండాల్సిందని ఆ తరవాత ఎన్నిసార్లు అనుకుందో. కానీ ఆ పూట ‘క్రమబద్ధీకరణ’ అనే కొట్టింది. తమ్ముడికి మాత్రం సాయంత్రం ఇంటికెళ్ళగానే చెప్పేద్దామనుకుంది.

ఆమెకంటే ముందే నోటీసు ఇల్లు చేరింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి తమ్ముడు మిఠాయి పొట్లంతో ఎదురొచ్చాడు. చంటిపిల్లని భుజం మీద వేసుకుని మరదలు వెనక నిలబడి నవ్వుతోంది. దర్జీ మెషీను ఆపి మరీ మిఠాయి తింటున్నాడు.

“దాచావు చూడక్కా! నా దగ్గర కూడా దాచావు!” అన్నాడు తమ్ముడు.

“ఏం దాచాన్రా?”

“తాత్కాలిక సిబ్బంది క్రమబద్ధీకరణ! నోటీసు రాసింది నువ్వేగా? వర్క్‌షాపంతా గోల గోల. హెడ్ మెకానిక్ నన్నెత్తుకుని తిప్పాడు.”

ఆమె వాడి చేతిలోంచి మిఠాయి పొట్లం తీసుకుంది. “కూర్చో ముందు. నువ్వనుకున్నది కాదురా అది.”

“మరేంటి?”

“తీసేస్తారు. అందరినీ కాకపోవచ్చు. కొందరినైనా తీసేస్తారు.”

మరదలి నవ్వు అక్కడే ఆగిపోయింది. తమ్ముడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు, అక్క ఆట పట్టిస్తోందని.

“ఆ బ్యాచివాళ్ళకి రాసిన మాటే కదక్కా ఇది? అదీ నువ్వే రాశావు, ఇదీ నువ్వే రాశావు. వాళ్ళకి రాస్తే పర్మనెంటు, నాకు రాస్తే తీసెయ్యడమా?”

“రెండు చోట్లా ఇంగ్లీషు వేరురా. తెలుగులో ఒకటే రాయమన్నారు.”

“రాయమంటే రాశావా?”

ఆమె చేతిసంచి గూట్లో పెట్టి చెంగుతో ముఖం తుడుచుకుంది.

“నువ్వు రాసింది నమ్మాలా, చెప్పింది నమ్మాలా?” వాడి గొంతు మారింది. “ఇంగ్లీషు ఎవడిక్కావాలి? సంస్థ ముద్ర ఉంది, సంతకం ఉంది. ఎందుకక్కా, శుభమా అని ఒక మంచి కబురొస్తే నోటితో చెడగొడతావు?”

“చెడగొట్టడం కాదురా, నీ మేలు కోరి చెబుతున్నా. ఆ లారీల గ్యారేజీ ఆయన్ని మాత్రం కాదనకు.”

ఊరి చివర పెద్ద గ్యారేజీ యజమాని టైర్ల పనంతా చూసుకోమని ఎప్పటినుంచో వాణ్ణి పిలుస్తున్నాడు. తమ్ముడు నేల చూపులు చూశాడు.

“మధ్యాహ్నమే ఫోన్ చేసి రానని చెప్పేశా.”

ఆమె మళ్ళీ చెప్పులేసుకుంది. భర్త స్కూటరు తీశాడు. ఇద్దరూ గ్యారేజీకి వెళ్ళారు. యజమాని లారీ కింద నుంచి లేచి చేతులు తుడుచుకున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. తల గోక్కున్నాడు.

“మీవాడు వద్దన్న గంటకే ఇంకొకణ్ణి పెట్టుకున్నానమ్మా. వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు. ఇచ్చిన మాట ఎలా వెనక్కి తీసుకోను?”

దానికేమంటుంది? ఇంటి దగ్గర దిగాక దర్జీ, “ఆ మేనేజరుకి చెప్పాల్సినవన్నీ నాకు చెప్పు, నేను వింటాను,” అన్నాడు. ఆమె ఆయన మీద కూడా విసుక్కుంది.

మర్నాడు భోజనాల వేళ తిన్నగా వర్క్‌షాపులోకి వెళ్ళింది. ఆయిలు మరకల మధ్య, క్యారేజీలు విప్పుకుని కూర్చున్న అందరి ముందూ నిలబడి చెప్పింది: “నోటీసులో నేను రాసింది పర్మనెంట్ గురించి కాదు. మనుషుల్ని తగ్గించడం గురించి. సంబరం ఆపి, పోయి మేనేజరుని అడగండి.”

వెనకనుంచి ఎవరో అన్నారు. “తమ్ముడికి ముందే చెప్పుకుని ఉంటుంది. మనకి ఇవాళ చెబుతోంది.”

తమ్ముడు తలెత్తలేదు. క్యారేజీ మూతపెట్టి బయటికెళ్ళిపోయాడు. హెడ్ మెకానిక్ పెద్దమనిషి. నలుగుర్ని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు వాళ్ళకి టీ ఇప్పించాడు. ఇంకా ఏదీ తేలలేదన్నాడు, నోటీసులో ఉన్నదే అసలు సంగతన్నాడు, పుకార్లు నమ్మొద్దన్నాడు. వాళ్ళు వచ్చి ఆ సంగతి చెప్పాక మిగతావాళ్ళు ఆమెని పుకారుగానే లెక్కేశారు. సాయంత్రానికి ఆమెకి మెమో వచ్చింది. అనుమతి లేకుండా సిబ్బందిని ఎందుకు కలవరపెట్టారో చెప్పాలట.

ఆ నెలాఖరున పేర్లు బోర్డు మీద పడ్డాయి. టైర్ల విభాగం పని బయటివాళ్ళకి అప్పగించారు. తమ్ముడితో పాటు తాత్కాలిక సిబ్బందిలో సగం మంది, పర్మనెంట్ అవుతామని ఇంట్లో చెప్పుకున్నవాళ్ళు, ఆ రోజే పనిముట్లు అప్పజెప్పి గేటు దాటారు.

గొడవైంది. గేటు ముందు రెండు రోజులు కూర్చున్నారు. మేనేజరు వాళ్ళ పెద్దల్ని పిలిచి విచారం వెలిబుచ్చాడు. ఇంగ్లీషు ఉత్తర్వులో ఏ మోసమూ లేదని చూపించాడు. “అనువాదంలో కొంచెం అస్పష్టత చోటుచేసుకుంది,” అన్నాడు. పాపం అంతా ఆమె నెత్తిన దిగింది. క్యాంటీనులో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. మాటలక్కయ్య అన్న నోళ్ళే మాయమాటలక్కయ్య అన్నాయి. లావుపాటి డ్రైవరొక్కడే ఎప్పటిలా పలకరించేవాడు. అదీ చుట్టూ చూసుకుని.

ఆమె సూపరింటెండెంటుగారి బల్ల ముందు నిలబడింది.

“నేను మొత్తుకున్నానా లేదా సార్?”

“మొత్తుకున్నావమ్మా.”

“ఆ మాట పైన చెప్పండి.”

ఆయన కిటికీవైపు చూశాడు. “నువ్వు చెప్పావని నేను చెబితే, విని ఏం చేశావని నన్నడుగుతారు. ఏడాదిలో రిటైరై దిగిపోయేవాణ్ణి. నన్ను వదిలెయ్ తల్లీ.”

మెమోకి జవాబు ఆమె తెలుగులోనే రాసింది. ఏ రోజు ఏ మాట రాశానో, ఎవరు గీత గీశారో, ఏ మాట పెట్టమన్నారో ఉన్నదున్నట్టు రాసింది. చదివితే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. దానికి ఉలుకూ పలుకూ లేదు. కొన్నాళ్ళకి అనువాద విభాగాన్నే స్ట్రీమ్‌లైన్ చేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. దాన్ని తెలుగు చెయ్యమని ఎవరూ ఆమెని అడగలేదు. ఆమెని బస్‌స్టాండులో బస్సుల వేళలు చెప్పే విచారణ కిటికీకి మార్చారు. చిన్న గదిలో స్టోరువాళ్ళు అద్దాలూ సైలెన్సర్లూ పెట్టుకున్నారు. ఇప్పుడు నోటీసుల్ని కంప్యూటరే తెలుగు చేస్తోందట. దానికెవరూ చెప్పకుండానే అన్నిటికీ క్రమబద్ధీకరణ అని వేస్తోందని డ్రైవరు చెప్పాడు. నవ్విద్దామనే చెప్పాడు గానీ ఆమె పళ్ళు కొరికింది.

విచారణ కిటికీ దగ్గర రోజంతా ఒకటే రొద. ఆ బస్సు వెళ్ళిపోయింది, ఈ బస్సు ఇవాళ లేదు, ఆ స్టాపు తీసేశారు. ఎంత తేటగా చెప్పినా జనం ఆమె మీదే ఎగిరేవారు, బస్సుల్ని ఆమే ఆపేసినట్టు.

తమ్ముడు మేడమీది వాటా ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడ పని దొరికితే అక్కడ టైర్లు విప్పుతున్నాడనీ, ఒకచోట నిలవడం లేదనీ మరదలు ఫోనులో చెప్పేది. మరదలు మాట్లాడేది, వాడు మాట్లాడేవాడు కాదు. ఆమె ఫోను చేస్తే కట్ చేసేవాడు. పిల్ల నడుస్తోందట, మాటలొస్తున్నాయట. అన్నీ చెవిన పడ్డవే.

చాలా నెలల తరవాత ఒక మధ్యాహ్నం కిటికీ ముందు వరసలో వాడు కనిపించాడు. చిక్కిపోయాడు. అందరిలాగే తన వంతు వచ్చేదాకా నిలబడి, మడిచిన కాగితమొకటి కిటికీలోంచి లోపలికి తోశాడు. ఆమె ముఖంలోకి చూడలేదు.

“ట్రావెల్స్‌వాళ్ళు సంతకం పెట్టమంటున్నారు. ఇంగ్లీషులో ఉంది. ఏముందో చెప్పు.”

ఆమె చదివింది. కాగితాన్ని బల్ల మీద అదిమి పెట్టుకుని రెండుసార్లు చదివింది. వరస వెనకనుంచి ఎవరో తొందరపెడుతున్నారు.

“టైర్ల పని నీదే. ఆదివారం సెలవు. ఆర్నెల్ల తరవాత రెగ్యులరైజ్ చేయవచ్చు అని ఉంది.”

“అంటే చేస్తారా?”

“చేస్తామనలేదురా. చేయవచ్చు అన్నారు. ఇష్టముంటే చేస్తారు, లేకపోతే లేదు. దాన్ని నమ్ముకోకు. పని మాత్రం బాగానే ఉంది, చేరు.”

వాడు తలాడించి కాగితం కోసం చెయ్యి చాపాడు. ఆమె వదల్లేదు.

“ఒకసారి పిల్లని తీసుకుని ఇంటికి రారా.”

“చూస్తాలే,” అని కాగితం లాక్కుని జనంలో కలిసిపోయాడు.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెబితే దర్జీ మెషీను ఆపి అంతా విన్నాడు.

“చూస్తానంటే వస్తాడనా, రాడనా?” అన్నాడు.

“నాకేం తెలుసు! అన్నిటికీ నన్నే అడుగుతారేం?” అని కసిరి, చెప్పులు మూలకి విసిరి, లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది.